‘సి’ జోలికి ఎవరు వెళ్లమన్నారు?

తన కుర్చీలో ఎవడో కూర్చున్నాడు.

ఆర్గిరో గుమ్మంలోనే ఆగిపోయింది. గొడుగు నుంచి నీళ్లు కారి చెప్పులు తడుస్తున్నా చూసుకోలేదు. నాలుగేళ్లుగా ఆ కుర్చీలో ఆమె తప్ప ఇంకొకరు కూర్చున్న పాపాన పోలేదు. పగలంతా వోలోస్ రేవులో ఓ కస్టమ్స్ ఏజెంటు దగ్గర కాగితాలు నింపడం, సాయంత్రం శరణార్థుల సంఘం భవనానికి వచ్చి ఈ మూల గదిలో సర్వర్‌ని చూసుకోవడం ఆమె దినచర్య. రెండోదానికి జీతం లేదు. కనీసం థాంక్స్ కూడా లేదు. ఇరవై ఆరేళ్ల పిల్ల శుక్రవారం సాయంత్రం సముద్రం ఒడ్డున తిరగక ఇక్కడేం చేస్తుందని వాళ్లమ్మ రోజూ సణుగుతుంది కూడా.

సర్వర్‌లో ఉన్నవి గొంతులు. వందేళ్ల కిందట సముద్రం అవతలి తీరం నుంచి తరిమేస్తే మూటాముల్లెతో పడవలెక్కి వచ్చినవాళ్లవి. వాళ్లలో ఇప్పుడెవరూ లేరు. వాళ్ల మాటలూ పాటలూ తిట్లూ మాత్రం ఒకే ఒక డిస్కులో ఉన్నాయి. రెండో డిస్కు కొనండి, దీనికో నకలు పెట్టుకుందాం అని ఆమె రెండేళ్లుగా మొత్తుకుంటోంది. సంఘం కమిటీ ఒక ఏడాది కర్టెన్లు కొంది, ఇంకో ఏడాది కుర్చీలు కొంది.

"ఎవరండీ మీరు?" అంది.

అతను లేచి నిలబడ్డాడు. మనిషి పొడుగు. నవ్వు బాగానే ఉంది. అది బాగుందని గమనించినందుకు ఆర్గిరోకి తన మీద తనకే ఒళ్లు మండింది.

అతని పేరు స్టెర్గియోస్. ఊరు లారిసా. కమిటీ ఎట్టకేలకు డిస్కు కొని, దాన్ని పెట్టడానికి అతన్ని పిలిచిందట. ఇక్కడ ఆర్గిరో అనే మనిషి ఒకతె ఉందని అతనికి ఎవరూ చెప్పలేదట. డిస్కు అడిగి అడిగి నోరు నొప్పెట్టింది ఈమెకు, పిలుపు వెళ్లింది లారిసావాడికి. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కొత్త డిస్కుని పాతదానిలాగే విడగొడదామని పాతదాని లేబుల్ తెరిచానండీ," అన్నాడతను ఉత్సాహంగా. "ఎవరో తెలివితక్కువగా రాశారు. సరిచేశాను."

"ఏం సరిచేశారు?"

"‘సి’ అని ఒక వరుస ఉంది. సున్నా దగ్గర మొదలై డిస్కు చివరిదాకా పోయింది. మిగతా పార్టిషన్లన్నిటి మీదా పడుతోంది. తీసేశాను. ‘డి’ కూడా ఏదో వంకర అంకె దగ్గర మొదలైంది. దాన్ని గుండ్రటి అంకెకి జరిపి, సేవ్ చేసి, మెషీన్ మళ్లీ ఆన్ చేశాను."

గోడ మీద ఒరిగిన పటాన్ని సరిచేసి పుణ్యం కట్టుకున్నవాడిలా చెప్పాడు.

ఆర్గిరో గొడుగు కింద పడేసింది. డిస్కు లేబుల్ అంటే ఏ పార్టిషన్, అంటే డిస్కులో ఏ భాగం, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసిపెట్టుకున్న పట్టిక. దాన్ని మార్చడానికి ఒక కమాండ్ ఉంది. ఏ పార్టిషన్ ఏ అంకె దగ్గర మొదలవ్వాలో మన చేత్తోనే రాయాలి. ఈ సర్వర్‌ని నడిపే సిస్టమ్‌కి అలవాటుపడిన వాళ్లెవరికైనా ‘సి’ అంటే డిస్కు మొత్తమని తెలుసు. దాన్ని ముట్టుకోరు. మిగతా సిస్టమ్‌ల నుంచి వచ్చినవాళ్లకే అది తప్పులా కనిపిస్తుంది, చెయ్యి దురద పుడుతుంది. ‘సి’ పోతే పోనీ, అదెంతో అందరికీ తెలిసిన లెక్కే, మళ్లీ రాసుకోవచ్చు. ‘డి’ అలా కాదు. గొంతులన్నీ అందులోనే ఉన్నాయి.

ఆమె కీబోర్డు లాక్కుని ‘డి’ని తెరవబోయింది. తెరుచుకోలేదు. ఇంకోసారి చూసింది. అక్కడ ఏమీ లేదంది మెషీన్.

"ముందు ఏ అంకె దగ్గర ఉండేది?"

అతను జేబులు తడుముకున్నాడు. రాసుకోలేదు.

"లారిసావాళ్లని పాలవిరుగుడు నీళ్లని మా ఊళ్లో ఊరికే అనరు," అంది ఆర్గిరో. "బుర్రలో ఉండేది అదే."

ఈ రెండు ఊళ్లకీ ఎప్పటినుంచో పడదు; వోలోస్ వాళ్లని లారిసాలో ‘ఆస్ట్రియన్లు’ అని ఎగతాళి చేస్తారు. అతను ఆ మాట అనలేదు. తెల్లబోయి చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే సంఘం కోశాధికారి పెరిక్లిస్ తలుపు తోసుకుని వచ్చాడు. పనైపోయిందా అని అడిగాడు. గొంతులు తెరుచుకోవడం లేదని ఆర్గిరో చెప్పింది. ఆయన ఎలా జరిగిందని అడగలేదు, ఎవరు ముట్టుకున్నారని అడగలేదు. ఊళ్లో ఎవరూ వాడని వింత సిస్టమ్ పెట్టుకుంటే ఇంతేనని, ఆడపిల్ల చేతిలో పెట్టొద్దని తాను ముందే చెప్పానని మొదలుపెట్టాడు. ఆదివారం సంస్మరణ సభలో ఎనభై ఏళ్ల అధ్యక్షుడు మినాస్ గారు వాళ్లమ్మ గొంతు వినాలి. అది వినపడకపోతే ఆర్గిరో ఇక ఈ గదిలోకి రానక్కర్లేదన్నాడు.

ఆమె స్టెర్గియోస్ వైపు చూసింది. అతను ఇప్పుడు ఒక్క మాట చెబితే చాలు. అతను నేల వైపు చూశాడు. పెరిక్లిస్ వెళ్లిపోయాడు.

పాడుచేసింది అతనైతే చీవాట్లు తిన్నది ఈమె. పోనీ ఆ పాడుచేయడం తెలియక జరిగిందనుకోవచ్చు. నోట్లో నాలుక ఉండి కూడా ఊరుకోవడం తెలియక జరగదు కదా. ఆర్గిరో ఆ రాత్రి అన్నం సయించక పడుకుంది.

శనివారం పొద్దున్నే వచ్చేసరికి అతను భవనం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తడిసిపోయాడు. ఒళ్లో కాగితం సంచీ, అందులో లోపల చీజ్ కూరి కాల్చిన పైలు రెండు. తొలి బస్సుకి వచ్చాడట.

"ఎందుకొచ్చావు?" మర్యాద నిన్నటితోనే అయిపోయింది.

"చెడగొట్టింది నేను కాబట్టి."

"నిన్న ఆ పెద్దమనిషి ముందు ఈ ముక్క గొంతులో అడ్డం పడిందా?"

అతను కాగితం సంచీని నలిపాడు. చెవులు ఎర్రబడ్డాయి. కొత్త వైద్యుడికంటే పాత రోగి మేలని గొణుక్కుంటూ ఆమె తలుపు తీసింది. దేన్నీ ముట్టుకోకూడదన్న షరతు మీద అతన్ని పక్క కుర్చీలో కూర్చోనిచ్చింది.

దారి ఒకటుంది. పట్టికలో అంకె పోయినా డిస్కు మీద గొంతులు పోలేదు. ప్రతి పార్టిషన్ తన మొదట్లో ఒక గుర్తు పెట్టుకుంటుంది. డిస్కుని మొదటి నుంచి చివరిదాకా చదువుతూ ఆ గుర్తుని వెతికే ఇంకో కమాండ్ ఆమెకు తెలుసు. దాన్ని నడిపింది. ఇక ఎదురుచూడటమే.

బయట పీలియన్ కొండ మీద నుంచి వాన దిగి కిటికీ అద్దాలని వాయిస్తోంది. గంట గడిచింది. రెండు గడిచాయి. అతను తెచ్చిన చీజ్ పై ముట్టుకోనని భీష్మించుకున్న ఆర్గిరో పదకొండింటికి సగం తినేసింది. ఆకలికి పంతం తెలియదు.

‘సి’ ఎందుకు ఉంటుందో చెప్పమని అతను అడిగాడు. ఆమె తిడుతూనే చెప్పింది. అతను నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. మధ్యలో అడ్డు తగల్లేదు, తెలిసినట్టు తల ఊపలేదు. మగాళ్లలో ఇలా వినేవాడు ఒకడున్నాడా అనిపించి ఆమె ఒకసారి అతని వైపు చూసింది. అతనూ అప్పుడే చూశాడు. ఇద్దరూ చప్పున తెర వైపు తిరిగారు. తెర మీద ఏమీ లేదు.

"నాకు నిన్న భయమేసింది," అన్నాడతను నోట్‌బుక్ మూసి. "ఇంజనీరని పిలిచారు. ఎనభై ఏళ్లాయన వాళ్లమ్మ గొంతుని నేనే పోగొట్టానని చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గుచేటు."

"ఆ సిగ్గు నేను మోశాను," అంది ఆర్గిరో. "ఇంటికెళ్లి మా అమ్మ ముందు కూడా మోశాను. నీకు భయమేస్తే నేను చీవాట్లు తినాలా?"

అక్కర్లేదన్నాడతను. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు.

మూడు దాటాక తెర మీద ఒక వరుస కనబడింది. కింద ఇంకొకటి. ఆర్గిరో రెండో వరుసలోని అంకెని రెండుసార్లు చదివి, అతని చేత పైకి చదివించింది. పాత వంకర అంకె అదేనన్నాడు. లేబుల్ తెరిచి ‘డి’కి ఆ అంకె రాసింది, ‘సి’ని తిరిగి దాని చోట పెట్టింది. సేవ్ చేసే ముందు అన్నీ కాగితం మీదకి ఎక్కించమంది. అతను చిన్నపిల్లాడిలా బుద్ధిగా ఎక్కించాడు. అప్పుడు సేవ్ చేసి, ఏదీ చెరిగిపోకుండా చదవడానికి మాత్రమే వీలయ్యేలా తెరిచింది.

ఫోల్డర్లు ఒక్కొక్కటే వచ్చాయి. ఆమె ఒకటి నొక్కింది. నలభై ఏళ్ల కిందటి ముసలమ్మ ఒకతె దగ్గి, "మినాస్, ఆ టేపు ఆపరా, పాలు పొంగుతున్నాయి," అంది.

ఆర్గిరోకి ఏడుపొచ్చింది. స్టెర్గియోస్ చేతిరుమాలు ఇచ్చాడు. తీసుకుంది, కానీ థాంక్స్ చెప్పలేదు. ఇద్దరూ కలిసి కొత్త డిస్కులోకి నకలు పెట్టి, చీకటి పడకముందే తాళం వేశారు.

ఆదివారం హాలు నిండిపోయింది. స్పీకర్లలో ఆ దగ్గు వినబడగానే ముందు వరుసలో మినాస్ గారు టోపీ తీసి గుండెకి అదుముకున్నారు. పాలు పొంగుతున్నాయన్న మాటకి జనం నవ్వారు. ఆయన నవ్వుతూ ఏడ్చారు.

అప్పుడు పెరిక్లిస్ మైకు అందుకున్నాడు. మన గొంతులు పోబోతుంటే లారిసా నుంచి వచ్చి కాపాడిన ఇంజనీరుకి చప్పట్లు కొట్టమన్నాడు. ఇక మీదట మెషీన్‌ని ఆయనే చూసుకుంటారని కూడా ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. సొమ్మొకడిది, సోకొకడిది. వెనక వరుసలో ఆర్గిరో లేచి నిలబడింది. నలుగురిలో అరవాలో బయటికి నడవాలో తెలియక పిడికిళ్లు బిగించింది.

స్టెర్గియోస్ వేదిక ఎక్కి మైకు తీసుకున్నాడు. చప్పట్లు ఆపమని చెయ్యెత్తాడు.

"గొంతులు పోవడానికి కారణం నేను," అన్నాడు. "తెలియని చోట వేలు పెట్టాను. శుక్రవారం పెరిక్లిస్ గారు ఆర్గిరోని తిడుతుంటే పక్కనే నిలబడి నోరు మెదపలేదు. గొంతుల్ని తిరిగి తెచ్చింది ఆమె. నేను పక్కన కూర్చుని చీజ్ పై తిన్నాను. ఈ మెషీన్‌ని చూసుకునే అర్హత ఈ హాల్లో ఆమెకి తప్ప ఎవరికీ లేదు."

జనం పెరిక్లిస్ వైపు చూశారు. పెరిక్లిస్ మెడ బొత్తాం సర్దుకున్నాడు. మినాస్ గారు కర్ర ఊతంగా లేచి, వెనక వరుసదాకా నడిచి వచ్చి, ఆర్గిరో రెండు చేతులూ పట్టుకున్నారు. గది నీది తల్లీ, ఈ కమిటీకి బుద్ధి చెప్పే పూచీ నాది అన్నారు. ఈసారి చప్పట్లకి కిటికీలు అదిరాయి.

జనం వైను గ్లాసుల వైపు కదిలాక స్టెర్గియోస్ ఆమె దగ్గరికి వచ్చాడు.

"అందరికీ చెప్పావు," అంది ఆర్గిరో. "నాకు క్షమాపణ చెప్పలేదు. ఇప్పటికీ నా కడుపు మండుతూనే ఉంది."

"క్షమించు," అన్నాడు. ఆగి, మళ్లీ అన్నాడు, "ఇంకోటి కూడా ఉంది. నిన్న నువ్వు తిడుతుంటే సాయంత్రం అవకూడదనిపించింది. నువ్వంటే నాకు ఇష్టం ఆర్గిరో."

"నీ తప్పు ఒప్పుకుంది నలుగురిలో, నన్ను పొగిడింది నలుగురిలో. ఇది మాత్రం మూలకొచ్చి గుసగుసగానా? దమ్ముంటే మైకులో చెప్పు."

అతను సరేనని వెనక్కి తిరిగి వేదిక వైపు నడిచాడు. మెట్టెక్కాడు. మైకు మీద చెయ్యి వేశాడు. వైను గ్లాసులు పట్టుకున్న తలలన్నీ మళ్లీ అటు తిరిగాయి.

ఆర్గిరో జనాన్ని తోసుకుంటూ పరుగెత్తి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"ఆగు," అంది, ముఖమంతా ఎర్రబడి. "అది నాకొక్కదానికే చెప్పు."