గంగక్క తుడిసింది సగమే

మీరు నమ్మరప్పా. నమ్మరని చౌడమ్మ మీద ఒట్టేసి చెప్తాండా. నేను చెప్పినవి శానా నమ్మినారు గానీ, ఇది మాత్రం మీ గొంతు దిగదు.

కమలాపురం అవతల దేవేంద్రప్ప ఇల్లు. ఇంటి నడినెత్తిన పెద్ద కరెంటు తీగలు, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల దిక్కు పోతాయి. రేయీ పగలూ గుయ్‌మని ఒకటే రొద. అదంటే ఆయప్పకు శానా గొప్ప. సుట్టం ఎవరొచ్చినా పాత ట్యూబులైటు చేతబట్టుకోని తీగల కింద నిలబడేటోడు. వైరు ల్యా, స్విచ్చి ల్యా, ట్యూబు తెల్లగా ఎలిగేది.

"సూడప్పా, మా ఇంటికి బిల్లు రాని కరెంటు!" అని మీసం దువ్వేటోడు.

ఆ తీగల కింది గదిలోనే ఆయప్ప పెండ్లాం గంగక్క పండుకునేది. ఆయమ్మకు రక్తంలో క్యాన్సరొచ్చె. తీగల వల్లనేనా సారూ అని దేవేంద్రప్ప కర్నూలు డాక్టరును అడిగినాడు.

"తీగల చుట్టూ కనపడని అయస్కాంతం ఉంటుందయ్యా. అది ఒంట్లో రాత మాదిరి ఉండే జీన్స్‌ను మార్చి ఈ రోగం తెస్తుందా అని శానామంది వెతుకుతున్నారు. ఔనని తేలలేదు. కాదని నేను రాసివ్వలేను."

దేవేంద్రప్ప తనకు కావాల్సిన ముక్కే చెవిన ఏసుకున్యాడు. తేలలేదు! అంతే. గంగక్క జుట్టంతా రాలిపోయి, ఆ గదిలోనే పాణం ఇడిసింది.

ఈ రెండువేల ఐదు ఎండాకాలంలోనే కూతురు మధులత తొలికానుపుకు పుట్టింటికొచ్చె. ఇంట్లో ఫ్యాను ఉండేది ఆ గదిలోనే. పిల్ల ఆడ పండుకోనంటే పండుకోనని వసారాలో దోమలతో పొర్లుతాండె. ఒకనాడు టవర్ల రిపేరని ఆ పెద్ద లైను ఆపినారు. ఏండ్లనాటి రొద టక్కున ఆగిపాయ.

"ఈ పొద్దు తీగల్లో పిసరు కరెంటు ల్యా. లోపల పండుకోమ్మీ."

"రేపు మళ్ళీ వస్తాది గదా నాయనా?"

"రేపటి సంగతి రేపు. మీ అమ్మ మాదిరి సతాయించొద్దు."

పొద్దు గుంకినాక, పిల్ల లోపల పండుకుంటానే ఊరి కరెంటు గూడా పాయ. చీకటి కమ్ముకున్యాది. ఆకు కదల్లేదు. వసారాలో కూచున్న దేవేంద్రప్ప ముక్కుకు డెట్టాలు వాసన తగిలింది. ఆస్పత్రి వాసన. దాని ఎనకాలే... గుయ్...

తల పైకెత్తినాడు. తీగలు మూగగా ఉండాయి.

రొద గదిలో నుంచి వస్తాంది.

తలుపు సందులో తెల్లటి ఎలుగు. తోసినాడు. మూలకు ఆనించిన ట్యూబు దానంతటదే ఎలుగుతాండాది. చేతికి తీసుకోని బయటికొచ్చి తీగల కింద పట్టినాడు. ఆరిపాయ. గడప దాటినాడు. ఎలిగె. మంచం కాడికి పోయేకొద్దీ ఇంకా ఎలిగె. నిద్రపోతాన్న మధులత కడుపు కాడ... కండ్లు చెదిరేంత ఎలుగు.

ఆ ఎలుగులో ఒక చెయ్యి. ఎండిన చెయ్యి. సూదులు గుచ్చిన మచ్చలు. పిల్ల కడుపును రుద్దుతాంది... పలక తుడిసినట్ల. పైకి సూసినాడు. బోడితల.

గంగక్క.

"ఏం... ఏం చేస్తాండావే?"

ఆయమ్మ తలెత్తలే. గుసగుసలాడింది. "నా లోపల రాసింది తుడుసుకునేకి నాకు చేతకాలే... ఈ కడుపులో బిడ్డదన్నా తుడుస్తాండా. కదిలించొద్దయ్యా..."

నేనైతే ఆడే కూచోని, ఆకూ వక్కా ఇచ్చి, పని అయ్యేదాకా కబుర్లాడేటోణ్ణి. దేవేంద్రప్పకు నా అంత గుండె యాడిది? కూతురి రెక్క పట్టి లేపి బయటికి ఈడ్సినాడు. ట్యూబు పడి పగిలిపాయ. చీకట్లో ఎనక నుంచి ఒకటే మాట...

"సగమే అయ్యిందయ్యా..."

అప్పటికప్పుడు ఆటో ఎక్కించి కమలాపురంలో సుట్టాలింటికి చేర్సినాడు. మళ్ళా ఆ ఇంటి గడప తొక్కలే. ఆడబిడ్డ పుట్టె. కర్నూల్లో రక్తం పరీక్ష చేయిస్తే, "ఇప్పటికైతే ఏమీ లేదు, పాప బాగుంది" అన్యారు. ఆ "ఇప్పటికైతే" అనేది దేవేంద్రప్ప గొంతులో ముల్లు మాదిరి ఇరుక్కున్యాది.

ఇంకోటుండాది. మనోళ్ళు ఉత్తరానికి తలపెట్టి ఎవర్నీ పండబెట్టరు గదా. ఆ పసిదాన్ని గూడా దక్షిణానికి తలపెట్టి జోకొడతారు. తెల్లారి సూస్తే, అయస్కాంతం ముల్లు మాదిరి తల ఉత్తరానికి. చుట్టూ దిండ్లు పెట్టినా అంతే. ఉయ్యాల్లో ఏస్తే... ఉయ్యాలే తిరుగుతాది.

అబద్ధమంటారా? పోండి, మీరే పండబెట్టండి, రెప్పెయ్యకుండా కావిలుండండి. అది తిరగలేదని ఒక్కడంటే ఒక్కడు వచ్చి చెప్పండి, నడిబజార్లో మీసం గొరిగించుకుంటా.