ఆరు గంటల లోపు హాఫ్ రేటు

మౌనేష్ చనిపోయిన మూడో రోజు సుబ్బరామికి పిలుపు వచ్చింది.

కౌల్ బజార్‌లో జీన్స్ ప్యాంట్లు కుట్టే గోడౌన్ పైఅంతస్తు. కింద మిషన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. పైన ఒక టేబుల్, ఒక ఫ్యాన్, ఒక ప్రొజెక్టర్. ఢిల్లీ రికార్డుల్లో దాని పేరు స్టేషన్ సెవెన్. బజారువాళ్ళకి మాత్రం అది ఎప్పుడూ తాళం వేసి ఉండే గది.

కంట్రోల్ చీఫ్ ఝాన్సీలక్ష్మి ఒక ప్లాస్టిక్ కవర్‌ను టేబుల్ మీద ముందుకు తోసింది. అందులో కాగితం చుట్టిన టూత్‌పిక్ ఉంది. కాగితం మీద ‘ఐరన్ గ్రిల్’ అని అచ్చు.

“మౌనేష్ బాడీ పాత గని గుంటలో దొరికింది. మెడ విరిచారు. ఫోన్ లేదు, పర్సు లేదు. జేబులో ఇదొక్కటే మిగిలింది.”

సుబ్బరామి కవర్ అందుకున్నాడు. అతనూ మౌనేషూ ఒకే బ్యాచ్. ట్రైనింగ్‌లో ఒకే కంచంలో తిన్నారు.

“కూరెకుప్ప రోడ్డులో హోటల్ అది. కింద స్టీక్‌హౌస్ బార్. ఫ్యాక్టరీల పనిమీద వచ్చే ఫారిన్ ఇంజనీర్లంతా అక్కడే తింటారు. ఈయన కూడా.”

ప్రొజెక్టర్ మీద ఒక ముసలాయన వచ్చాడు. బట్టతల, నుదుటిమీద సన్నటి తిరుచూర్ణం, చేతిలో పొట్టేలు చాప్.

“డాక్టర్ శ్రీమన్నారాయణ. మెటలర్జిస్ట్. యుద్ధనౌకలకు వేసే ఆర్మర్ ప్లేట్ ‘కవచ్-9’ ఈయన తయారుచేసిందే. ఉక్కును ఎంత వేడి చేయాలి, ఎంతసేపట్లో చల్లార్చాలి అనే ఫార్ములా మొత్తం తెలిసిన మనిషి ఈయనొక్కడే. దానికోసం ఫారిన్ గూఢచారుల రింగ్ ఒకటి దిగింది. ఆయన ప్రాణానికి ఏమీ కాకూడదు. ఫార్ములా జిల్లా దాటకూడదు.”

“లోపల మనోళ్ళు ఎవరన్నా ఉండారా, మేడమ్?”

“హిమజ, బార్ మేనేజర్. మన సోర్స్. ‘చాప్స్ బాగా కాలాల, నిమ్మకాయ వేరే ప్లేట్‌లో’ అని నువ్వు అడగాలి. నిమ్మకాయలు ఉన్నాయంటే క్షేమం. అయిపోయాయంటే ప్రమాదం.”

తర్వాత ఒక వెండి ఉంగరం ఇచ్చింది. మెమరీ కార్డు మూడడుగుల దూరంలోకి వస్తే అది వణుకుతుందట. లేచి తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచింది.

“ఇంకో మాట. అక్కడ హ్యాపీ అవర్ నాలుగు నుంచి ఆరు వరకు. అంతా హాఫ్ రేటు. ఆరు దాటాక ఏం తిన్నా బిల్లు ఆఫీసు ఇవ్వదు.”

“మౌనేష్‌కీ ఇదే రూలా?”

ఝాన్సీలక్ష్మి ప్రొజెక్టర్ ఆపేసింది.

అసలు పని కనబడకుండా సుబ్బరామి లారీ కాంట్రాక్టరయ్యాడు. పేరు మార్చుకోలేదు, బళ్ళారి జిల్లాలో సుబ్బరాములకు కొదవ లేదు. ఖనిజం ధూళి పట్టిన లారీ ఒకటి హోటల్ బయట ఆపి, రోజూ నాలుగింటికి బార్‌లో కూర్చునేవాడు. ఉంగరం రెండోరోజే తీసి జేబులో పడేశాడు. ఉక్కు ఊళ్ళో ఇనుము వాసన పట్టే ఉంగరం ఏం పనికొస్తుంది? ఫోర్కు చూసి వణికింది, కత్తి చూసి వణికింది, చివరికి గోడమీది మేకు చూసి కూడా వణికింది. ఢిల్లీలో ఏసీ గదిలో కూర్చుని చేసిన సరుకు అట్లాగే ఉంటుంది.

తిండి మాత్రం గొప్పగా ఉండేది, అది ఒప్పుకోవాలి. నాలుగు కొట్టగానే గ్రిల్ మీద కొవ్వు చిటపటలాడేది. పొట్టేలు చాప్స్ అంచులు నల్లగా, లోపల మెత్తగా, మిరియాల సాస్ కారుతూ వచ్చేవి. బ్యాడిగి మిరపకాయ పట్టించిన చికెన్ వింగ్స్ తిని ఫారిన్ ఇంజనీర్లు కళ్ళనీళ్ళు పెట్టుకుని, మళ్ళీ ఇంకో ప్లేటు చెప్పేవాళ్ళు. ఇనుప పెనం మీద బుసలు కొడుతూ వచ్చే సిజ్లర్ కోసం సుబ్బరామి పొద్దున టిఫిన్ కూడా మానేసేవాడు. పధ్నాలుగేళ్ళ సర్వీసులో డ్యూటీ అతనికి పెట్టిన మంచి ముద్ద ఇదే.

పక్క స్టూల్ శ్రీమన్నారాయణది. మొదటి వారం తలూపడాలు, రెండో వారం మాటలు. మూడో వారం నుంచి ఆయన తన ప్లేటు రాగానే, ఎంగిలి చేయకముందే, ఒక చాప్ తీసి సుబ్బరామి ప్లేట్లో వేసేవాడు.

“తినవయ్యా. లారీలు తోలే ఒళ్ళు. నాకా కొలెస్ట్రాల్.”

“మీరు తినండి సార్. నాది వస్తాండాది.”

“వచ్చేలోపు ఇది తిను.”

ఆయనది తుంగభద్ర కాలువ కింద కోస్తావాళ్ళు వేసుకున్న క్యాంప్ ఊరు. తాతల కాలంలో వచ్చి వరి పండించినవాళ్ళు. పెళ్ళాం పోయింది. క్వార్టర్స్‌లో ఆయన, ఒక ముసలి కుక్క. రోజూ వెళ్ళేటప్పుడు దానికోసం ఎముకలు పార్సెల్ కట్టించుకునేవాడు. అలాగే కట్టించుకునే మరొక మనిషి రోల్ఫ్, కొలిమిల కన్సల్టెంట్. గెస్ట్‌హౌస్‌లో అతనికీ ఒక కుక్క ఉంది.

శనివారం మాత్రం శ్రీమన్నారాయణ చాప్స్ ముట్టడు. ఆనియన్ రింగ్స్, ఆలుగడ్డ ముక్కలతో సరిపెట్టుకుంటాడు.

“ఏంది సార్, శనివారమని నోరు కట్టేసుకుంటిరే. మీ కుక్క సంగతేంది?” అని ఒకసారి సుబ్బరామి ఆటపట్టించాడు.

“దానికీ శనివారమే. ఎముకలు బంద్, పెరుగన్నం. మా అమ్మ పెట్టిన నియమం. ఇంటి గడప లోపల నీసు పడకూడదు, అది ఎవరి కంచమైనా సరే.”

సుబ్బరామి పడీపడీ నవ్వాడు. మూడు నెలలు గడిచాయి. ఈ ముసలాయనకేమైనా అయితే తట్టుకోలేనని అతనికి ఎప్పుడో అర్థమైంది. గూఢచారికి అది మంచిది కాదు. తెలిసినా మానుకోలేదు.

ఆ శనివారం సాయంత్రం ఐదుకు ఝాన్సీలక్ష్మి నుంచి మెసేజ్ వచ్చింది. “రోల్ఫ్ ప్రయాణం ముందుకు జరిగింది. ఏడింటికి చార్టర్ ఫ్లైట్. రింగ్ మనిషి అతనే. ఏం చేసినా ఈరోజే చేస్తాడు. ముసలాయన్ని వదలకు.”

సుబ్బరామి బయటికి వెళ్ళి లారీని హోటల్ గేటుకు అడ్డంగా పెట్టి వచ్చాడు. సిజ్లర్ చెప్పి, హిమజ వైపు తిరిగాడు. నల్ల సిల్కు చీర, చెవులకు పచ్చ రాళ్ళు. ఆమె నడిచి వస్తే ఫోర్కులు ఆగిపోతాయి.

“చాప్స్ బాగా కాలాల మేడమ్. నిమ్మకాయ వేరే ప్లేట్‌లో.”

“నిమ్మకాయలు బోలెడు ఉన్నాయి,” అని నవ్వింది.

క్షేమం. అయినా అతని కన్ను ఎదుటి టేబుల్ దగ్గరున్న రోల్ఫ్ చేతుల మీదినుంచి కదల్లేదు. ఆ చేతులు ఏ క్షణం కోటు లోపలికి వెళ్తాయోనని తన ఒళ్ళు ముసలాయనకు అడ్డంగా జరిపి కూర్చున్నాడు. తూటా వస్తే ముందు తనకే తగలాలి. శ్రీమన్నారాయణ ఆనియన్ రింగ్స్ సాస్‌లో ముంచుకుని నిదానంగా తిన్నాడు.

ఐదూ యాభైకి వెయిటర్ బసవరాజ్ ఫాయిల్ పొట్లం తెచ్చిపెట్టాడు. “తగొళ్రి సార్, మీ కుక్క పార్సెల్.”

ముసలాయన పొట్లం విప్పి, ఎముకలు సర్ది, మళ్ళీ అంచులు గట్టిగా మడిచాడు.

“వస్తానయ్యా. అది నాకోసం చూస్తుంటుంది.”

బిల్లు కట్టడానికి కౌంటర్ దగ్గరికి వెళ్ళి పొట్లం అక్కడ పెట్టాడు. రోల్ఫ్ కూడా లేచి వచ్చాడు, అతని పొట్లం అప్పటికే అక్కడుంది. హిమజ బిల్లులిచ్చి, ఎవరి పొట్లం వాళ్ళకు అందించింది. రోల్ఫ్ చేతులు పర్సులోకి వెళ్ళాయి తప్ప కోటులోకి వెళ్ళలేదు. సుబ్బరామి ఊపిరి పీల్చుకున్నాడు. ఎదురుగా అప్పుడే వచ్చి బుసకొడుతున్న సిజ్లర్‌లోంచి చాప్ ఒకటి అందుకోబోయాడు. డ్యూటీలో వారాలు పాటించేందుకు లేదు గానీ, శనివారం నీసు ముట్టుకునేటప్పుడు అతనికి వాళ్ళమ్మ గుర్తొస్తుంది.

శనివారం.

చేయి ఆగిపోయింది. శనివారం ఆ కుక్కకు పెరుగన్నం కదా. మరి ఎముకలెవరికి?

ఏర్పాటు మూడు నెలలుగా కళ్ళెదుటే ఉంది. రెండు పొట్లాలు, ఒకే కౌంటర్, అందించేది హిమజ. పొట్లాలు మార్చడానికి ఆమెకు రెప్పపాటు చాలు. మౌనేష్ కూడా నిమ్మకాయలడిగే ఉంటాడు. ఉన్నాయనే చెప్పి ఉంటుంది.

తల ఎత్తేసరికి హిమజ అతన్నే చూస్తోంది. రోల్ఫ్ తలుపు దాటాడు. ఆమె చేయి మెనూ కార్డు కిందికి జారింది. బయటికి వచ్చినప్పుడు అందులో చిన్న పిస్టల్ ఉంది.

సుబ్బరామి దగ్గర ఉన్న ఆయుధం ఒక్కటే. చెక్క పీటతో సహా సిజ్లర్ పెనాన్ని విసిరికొట్టాడు. మణికట్టు మీద కాలిన ఇనుము పడేసరికి ఆమె కెవ్వుమంది. తూటా గురి తప్పి గోడకున్న ఇత్తడి గంటకు తగిలింది. హ్యాపీ అవర్ అయిపోయిందని రోజూ ఆరింటికి కొట్టే గంట అది. ఆ రోజు నాలుగు నిమిషాల ముందే మోగింది.

“ఆమెను పట్టుకోప్పా!” అని బసవరాజ్‌కు అరిచి బయటికి పరిగెత్తాడు.

లారీ అడ్డం ఉండటంతో కారు గేటు దాటలేకపోయింది. రోల్ఫ్ దిగి, లారీ పక్క సందులోంచి దూరబోతున్నాడు. అవతల రోడ్డు మీద అతనికోసం బైకొకటి ఆగి ఉంది. సుబ్బరామి వెనకనుంచి మీద పడ్డాడు. ఇద్దరూ దొర్లారు. ఫాయిల్ చిరిగి ఎముకలు మట్టిలో చెల్లాచెదురయ్యాయి. వీధికుక్కలకు శనివారం పట్టింపులు లేవు. రోల్ఫ్ చేతులకు ప్లాస్టిక్ టై బిగించి లేచేసరికి ఒక ఎర్రకుక్క లావుపాటి మూలుగ ఎముక నోట కరుచుకుని కాలువ దాకా వెళ్ళిపోయింది. దాని వెంటపడి, నోరు పెగల్చి, కాటు తిని, ఎముక లాక్కున్నాడు. మూలుగ ఉండాల్సిన చోట గోరంత మెమరీ కార్డు. ఆ కుక్క ఇంకొక్కసారి పళ్ళు నొక్కి ఉంటే కవచ్-9 అక్కడికక్కడే నుజ్జయ్యేది.

రక్తం కారే చేత్తో లోపలికి వచ్చేసరికి హిమజ చేతులు ఏప్రన్‌తో కట్టి ఉన్నాయి. పిస్టల్‌ను బసవరాజ్ ట్రేలో పెట్టి పట్టుకున్నాడు. శ్రీమన్నారాయణ పారిపోలేదు. తన స్టూల్ మీదే కూర్చున్నాడు.

“లారీ కాంట్రాక్టరువి కాదన్నమాట,” అన్నాడు.

“ఎందుకు సార్?”

“ముప్పై ఏళ్ళు ఆ ప్లేటుమీద పనిచేశాను. మెడల్ డైరెక్టర్‌కిచ్చారు, నాకు శాలువా కప్పారు. వచ్చే నెల క్వార్టర్స్ ఖాళీ చేయమన్నారు.” గ్లాసు అటూ ఇటూ జరిపాడు. “వాళ్ళు నా పేపర్లన్నీ చదువుకొని వచ్చారయ్యా. మనవాళ్ళు ఒక్కడూ చదవలేదు.”

“మిమ్మల్ని కాపాడేకి వచ్చినోడు ఒకడు చచ్చిపోయినాడు సార్. మౌనేష్ అని. నా స్నేహితుడు.”

“ఆ పని వీళ్ళది. నాకు తర్వాత తెలిసింది.”

“తెలిసినాక కూడా రోజూ ఈడ కూర్చోని తింటాంటిరి.”

ముసలాయన ప్లేటు దూరంగా నెట్టాడు. “నీ ప్లేట్లో ఒకటి వేసేవాణ్ణి కదా,” అన్నాడు.

సుబ్బరామికి దుఃఖం, కోపం ఒకేసారి వచ్చాయి. అంత కోపం రోల్ఫ్ మీద కూడా రాలేదు.

“ఎలా పట్టావు?”

“ఈ పొద్దు శనివారం సార్. మీ కుక్క పెరుగన్నం తింటాది.”

ఆయన నుదురు కొట్టుకున్నాడు. “వద్దన్నాను. ఇంకో రోజు పెట్టుకోమన్నాను. వాడికి వారాలేం తెలుసు!” జీపు ఎక్కించేటప్పుడు తాళంచెవి తీసి సుబ్బరామి చేతిలో పెట్టాడు. “అది లోపల కట్టేసి ఉంది. కాస్త అన్నం పెట్టు.”

మర్నాడు కౌల్ బజార్‌లో డీబ్రీఫింగ్ పది నిమిషాల్లో అయిపోయింది. రోల్ఫ్ జైలుకి, శ్రీమన్నారాయణ జైలుకి.

“హిమజ?”

“మనకు పనిచేయడానికి ఒప్పుకుంది. జైల్లో పెడితే ఒక కేసు. బార్‌లోనే ఉంచితే రింగ్ మొత్తం మన చేతికొస్తుంది.”

“మౌనేష్‌ను పట్టిచ్చింది ఆమే, మేడమ్.”

“తెలుసు.” ఝాన్సీలక్ష్మి తల ఎత్తలేదు. “ఆమెను హ్యాండిల్ చేసేది నువ్వే. సోమవారం నుంచి.”

పై శనివారం ఐదున్నరకు సుబ్బరామి అదే స్టూల్ మీద కూర్చున్నాడు. పక్క స్టూల్ ఖాళీ. హిమజ మణికట్టుకు సిల్కు రుమాలు కట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. అతను కోడ్ చెప్పాడు. నిమ్మకాయలున్నాయంది. ఆ మాట నమ్మి డ్యూటీ చేయడమే ఇకపై అతని ఉద్యోగం.

చాప్స్ వచ్చాయి. అంచులు నల్లగా, లోపల మెత్తగా, ఎప్పటిలాగే బాగున్నాయి. ఒకటి తీసి ఇంకో ప్లేట్లో వేయబోయి, పక్కన ప్లేటు లేదని ఆగాడు. రెండు తినేసరికి ఆరింటి గంట మోగింది. తూటా సొట్టతో దాని మోత బొంగురుపోయింది.

బసవరాజ్ ప్లేటు తీస్తూ, ఎముకలు చూపించి అడిగాడు. “మూళె పార్సెల్ కట్లా సార్? కుక్క మీ ఇంట్లోనే ఉండాదంట కదా?”

“వద్దప్పా,” అన్నాడు సుబ్బరామి. “ఈ పొద్దు శనివారం. పెరుగుంటే ఒక కప్పు కట్టు.”

పెరుగు హ్యాపీ అవర్ మెనూలో లేదని, దానికి ఎప్పుడైనా ఫుల్ రేటేనని హిమజ కౌంటర్ దగ్గరినుంచి చెప్పింది.