పాయింట్లాయన ఖాళీ చేసిన గది

రెండో అంతస్తు. పన్నెండో నంబరు గది.

మంచం మీద మనిషి పడుకున్న గుర్తుంది. దిండు మధ్యలో గుంట పడింది. తువ్వాలు తడిగా ఉంది. సబ్బు మీది కాగితం చింపి ఉంది.

మనిషి లేడు.

ఇన్‌స్పెక్టర్ గది మధ్యలో నిలబడి నాలుగు మూలలా చూసింది. ఆమె కంటికి కునుకు లేక వారమవుతోంది. ఇంట్లో పిల్లాడికి పళ్ళొస్తున్నాయి. వాడు నిద్రపోడు, ఇంకొకళ్ళని పోనివ్వడు. ఒళ్ళంతా దూది కుక్కినట్టుంది. కళ్ళు చూస్తున్నాయి గాని, చూసింది లోపలికి చేరడానికి కాస్త ఆలస్యమవుతోంది.

"ఎప్పుడు ఖాళీ చేశాడు?"

"పొద్దున్న ఎనిమిదిన్నరకండి. ఫోన్లోనే చెకౌట్ కొట్టేశారు," అంది రిసెప్షనిస్టు.

"మనిషిని చూశావా?"

"లేదండి. గోల్డ్ కార్డు వాళ్ళు మా దగ్గరికి రానక్కర్లేదు. ఫోనే తాళం. పార్కింగ్ వైపు తలుపు కూడా దాంతోనే తెరుచుకుంటుంది."

"అక్కడ కెమెరా?"

"లాబీలోనే ఉందండి."

ఇన్‌స్పెక్టర్ మంచం అంచున కూర్చుంది. కూర్చోకూడదని తెలుసు. అయినా కూర్చుంది.

పంపుసెట్ల కంపెనీ సేల్స్‌మన్ ఒకడు సోమవారం సాయంత్రం నుంచి కనపడటం లేదు. ఫోన్ ఎత్తడు. కారు జాడ లేదు. కానీ సోమవారం ఒక హోటల్లో, గురువారం ఈ హోటల్లో అతని పేరుతో చెకిన్ అయింది. రెండూ ఒకే గ్రూపు హోటళ్ళు. ఫోన్ సిగ్నల్ కూడా ఆ రెండు చోట్లే పలికింది. ఖాతా వివరాలు ఇవ్వడానికి హోటల్ వాళ్ళు కాగితం మీద కాగితం అడిగి, ఇవాళ శుక్రవారం పొద్దున్నకు ఇచ్చారు. పరుగెత్తుకొచ్చేసరికి గది ఖాళీ.

ఫోన్ మోగింది. పైఅధికారి.

మంచం నలిగి ఉందని చెప్పగానే ఆయన తేల్చేశాడు. మేజర్ మనిషి, ముఖం దాచుకుని తిరుగుతున్నాడు, ఇంట్లో ఏదో గొడవ పడుంటాడు, అది మన పని కాదు. సాయంత్రంలోగా ఫైలు మూసేయమన్నాడు. మూసేస్తే ఇక అతన్ని వెతికేవాళ్ళుండరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పెళ్ళాం కూడా ఏం అడగటం లేదు కదమ్మా," అన్నాడాయన చివర్లో. "అడిగేదల్లా ఆ బావమరిదేగా."

ఆ మాట నిజమే. ఇన్‌స్పెక్టర్‌కు అంతుపట్టనిది కూడా అదే.

మంగళవారం పొద్దున్న స్టేషన్‌కు వచ్చినప్పుడు ఆ భార్య మాట తడబడుతూ, చేతులు వణుకుతూ ఉంది. భుజం మీద నాలుగేళ్ళ కూతురు. పాప పడుకునే వేళకు ఆయన ఎక్కడున్నా ఫోన్ చేస్తాడని, పాప పుట్టాక ఒక్కరోజు తప్పలేదని, రాత్రి చేయలేదని చెప్పింది. మధ్యాహ్నానికి హోటల్‌కి ఫోన్ చేస్తే చెకిన్ అయినట్టు మాత్రం చెప్పారు. ఆ కబురు చెబితే తల ఊపి ఇంటికి వెళ్ళిపోయింది. మర్నాడు తమ్ముడు లాక్కొస్తే వచ్చింది. బెంచీ మీద కూర్చుంది. ఏడవలేదు. తిట్టలేదు. "హోటల్లోనే ఉన్నాడన్నారుగా," అంది, గోడవైపు చూస్తూ. "ఉండనివ్వండి."

తమ్ముడు ఏసీ మెకానిక్. నోరున్నవాడు. అక్క మాట్లాడని మాటలన్నీ వాడే మాట్లాడాడు.

బావని చుట్టాల్లో అందరూ పాయింట్లాయన అంటారట. ఒక గ్రూపు హోటళ్ళలో పడుకున్న రాత్రికిన్ని పాయింట్లిస్తారు, పోగైతే ఊరికే గది. గది అద్దె కంపెనీది, పాయింట్లు ఆయనవి. ఎక్కడికెళ్ళినా ఆ గ్రూపు హోటల్లోనే దిగుతాడు. గది బుక్ చేసినవాడు ఊరుకోడు, రోజూ రేటు చూస్తుంటాడు. తగ్గితే పాతది కాన్సిల్ చేసి కొత్తది తీసుకుంటాడు. డబుల్ పాయింట్లని ఆఫర్ వస్తే దారి మార్చుకునైనా అక్కడికే వెళ్తాడు. సంవత్సరం చివర్లో గోల్డ్ కార్డు నిలబడటానికి రాత్రులు చాలకపోతే, ఇల్లు పక్కవీధిలో పెట్టుకుని కూడా వెళ్ళి హోటల్లో ఒక్కడే పడుకుని వస్తాడు.

"మా అక్కతో పెళ్ళయింది మేడం. కాపురం హోటల్‌తో," అన్నాడు తమ్ముడు.

కానిస్టేబుల్ నవ్వాడు. తమ్ముడు ఊపందుకున్నాడు. గోల్డ్ కార్డు వాళ్ళకి చెకిన్ అప్పుడు ఫోన్లో వెల్‌కమ్ గిఫ్ట్ అడుగుతారట, అదనంగా పాయింట్లు కావాలా, పొద్దున్న ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ కావాలా అని. బావ ఎప్పుడూ పాయింట్లే నొక్కుతాడు. సంచీలో బన్ను పెట్టుకెళ్ళి, గదిలో కూర్చుని పంపు నీళ్ళతో తింటాడు. ఒకసారి నూటరెండు జ్వరంతో ఉండి కూడా ఆ బన్నే నమిలాడట.

ఇదంతా ఎందుకంటే, ఎప్పటికైనా పెళ్ళాన్నీ కూతుర్నీ వారం రోజులు సముద్రం పక్కన పెద్ద హోటల్లో ఉంచాలని. నాలుగేళ్ళుగా చెబుతున్నాడు. అడిగినప్పుడల్లా ఇంకాస్త పండనీ అంటాడు, చెట్టు మీది కాయల్లాగ. అక్క ఇంతవరకు హోటల్ గది గుమ్మం తొక్కలేదు.

"అలాంటోడు పాపకి ఫోన్ చేయకుండా హోటల్లో దొర్లుతున్నాడంటే నేను నమ్మను మేడం. ఏదో అయింది. వెతకండి," అన్నాడు. అప్పుడు నవ్వలేదు వాడు.

భార్య మాత్రం కూతురి జుట్టు దువ్వుతూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే జూనియర్‌ను పిలిపించింది ఇన్‌స్పెక్టర్. పాయింట్లాయనతో ఒకే కారులో తిరిగే రెండో సేల్స్‌మన్. పాతికేళ్ళుంటాయి. భార్యకు నెలలు నిండాయి. కుర్చీలో కుడి భుజం కాస్త ఎత్తిపట్టి కూర్చున్నాడు.

"సోమవారం నిన్నెక్కడ దింపాడు?"

"బస్టాండు దగ్గర మేడం. నా లైను వేరే ఉంది ఈ వారం."

"ఎన్నింటికి?"

"ఆరు దాటింది."

"ఆయన ఏమన్నాడు?"

"ముందు హోటల్లో డబుల్ ఉంది, అక్కడికి పోతానన్నాడు."

"భుజానికేమైంది?"

"మోటారు పెట్టె మీద పడింది."

చెప్పినదానికి చెప్పినట్టు సరిపోయింది. ఆమె రాసుకుంది. పంపేసింది.

ఇప్పుడు, ఈ ఖాళీ గదిలో, ఆమె తన ఇంటికి ఫోన్ చేసింది. రోజుకు పదిసార్లు చేస్తుంది. పిల్లాడికి కాస్త ఒళ్ళు వేడిగా ఉంటే ఇంకో పదిసార్లు. అత్తగారు ఎత్తగానే అడిగే మాట ఒక్కటే.

"తిన్నాడా?"

"రెండు చెంచాలు తిని ఉమ్మేశాడు. నువ్వు తిన్నావా?"

తినలేదు. తిన్నానని చెప్పి పెట్టేసింది.

లేచింది. తలుపు దాకా వెళ్ళింది. ఫైలు మూయడం తప్ప చేయడానికేం మిగల్లేదు. నోటికి అలవాటైన మాట కదా, అది రిసెప్షనిస్టు వైపు తిరిగి దానంతటదే బయటికొచ్చింది.

"తిన్నాడా?"

"ఎవరండి?"

"ఈ గదిలో ఆయన."

రిసెప్షనిస్టు తెల్లబోయి, కింద వంటావిడకి ఫోన్ చేసి కనుక్కుంది.

"తిన్నారటండి. రెండో అంతస్తు పన్నెండు అని చెప్పి కూర్చున్నారట. రెండుసార్లు గుడ్లు వేయించుకున్నారట. ఫ్రీ బ్రేక్‌ఫాస్టేగా, తిన్నంత పెడతాం."

ఇన్‌స్పెక్టర్ తల ఊపింది. గుమ్మం దాటింది. నాలుగడుగులు వేసింది.

అప్పుడు చేరింది ఆ మాట లోపలికి.

ఆమె వెనక్కి తిరిగింది.

"మీ బ్రేక్‌ఫాస్ట్ హాల్లో కెమెరా ఉందా?"

"ఒకటుందండి. చెంచాలు పోతున్నాయని పెట్టించారు."

*

పదకొండున్నరకు హాలు ఖాళీ అయింది. బల్లలు తుడిచి ఉన్నాయి. మూతపెట్టిన గిన్నెల కింద మంటలు ఆర్పేశారు. మూల టీవీలో ఎవరో మాట్లాడుతున్నారు, సౌండు లేదు.

కిటికీ పక్క బల్ల దగ్గర భార్య కూర్చుంది. ఒళ్ళో పాప నిద్రపోతోంది. పక్కన తమ్ముడు. ఎదుటి కుర్చీలో జూనియర్. ఏదో రూటు గురించి అడగాలని చెప్పి పిలిపించారు. సంచీ ఒళ్ళో పెట్టుకుని, కుడి భుజం ఎత్తిపట్టి కూర్చున్నాడు. గుమ్మం దగ్గర కానిస్టేబుల్.

ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

"మూడు రోజులుగా మనమందరం ఒకటే చూశాం. గది తలుపు తెరుచుకుందా, ఫోన్ పలికిందా, మంచం నలిగిందా. అన్నీ ఉన్నాయి గనక మనిషి ఉన్నాడనుకున్నాం. సోమవారం చెకిన్‌లో వెల్‌కమ్ గిఫ్ట్ ఏం తీసుకున్నారో ఇందాక అడిగాను. పాయింట్లు. నిన్నటి చెకిన్‌లో అడిగాను. బ్రేక్‌ఫాస్ట్."

తమ్ముడు తలెత్తాడు.

"జ్వరంలో కూడా బన్ను తిన్న మనిషి," అంది ఆమె. "డబుల్ కోసం దారి మార్చుకునే మనిషి. ఆయన వేలు ఆ మాట మీద పడదు. ఫోన్ ఆయనదే. వేలు ఆయనది కాదు."

"మరి సోమవారం..." అన్నాడు తమ్ముడు.

"సోమవారం చెకిన్ ఐదున్నరకి, దారిలో ఉండగానే ఆయనే చేసుకున్నాడు. ఆ తర్వాత తలుపు తీసింది ఇంకొకళ్ళు."

ఆమె తన ఫోన్‌ను బల్ల మీద పెట్టి తిప్పింది. తెర మీద ఇదే హాలు. ఇదే కిటికీ. ప్లేటు ముందు వంగి ఒకడు తింటున్నాడు. టోపీ ఉంది. కుడి చెయ్యి సరిగ్గా లేవక, ఎడమ చేత్తో తింటున్నాడు.

జూనియర్ తెరవైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఎవరినో గుర్తుపట్టడానికి చూసినట్టు.

"పొద్దున్నే ఆకలేసింది మేడం," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ వెనక్కి తీసుకుంది.

"భుజం?"

"సీటుబెల్టు ఒరుసుకుంది. నేనే నడుపుతున్నాను."

తర్వాత అడక్కుండానే చెప్పాడు, వేరేవాడి సంగతి చెప్పినట్టు. తెల్లారి నుంచి అతనే నడుపుతున్నాడు. దారిలో బోలెడు లాడ్జీలున్నాయి. ఆగుదాం అన్నా అని బతిమాలాడు. ముందు డబుల్ ఉందిరా, ఇంకో గంటే అన్నాడు ఆయన. బస్టాండు దగ్గర ఆగలేదు. కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి ఆయన కూర్చున్న వైపు బండకి కొట్టుకుని ఉంది కారు. అంతకు ముందే కంపెనీ కారు ఒకటి గుద్దాడు. ఇంకోసారి గుద్దితే ఉద్యోగమూ లైసెన్సూ రెండూ పోతాయి. ఇంట్లో ఆవిడకు ఇవాళో రేపో.

"కారు అద్దం దగ్గరి ఫోన్ స్టాండులోంచి అన్న ఫోన్ తీశాను. దారి చూడమని ఎప్పుడూ నాకే ఇచ్చేవాడు, లాక్ తెలుసు. అంబులెన్స్ నంబరు కొట్టాను."

"చేశావా?"

"కొట్టాను. నొక్కలేదు."

"ఊపిరి ఉందా?"

అతను భుజం వైపు చూసుకున్నాడు. "లేదనుకున్నాను," అన్నాడు.

పక్కనే పాత క్వారీ గుంట. నిండా నీళ్ళు. కారు వాలులోనే ఉంది, తొయ్యడానికి బలం కూడా అక్కర్లేకపోయింది. ఎదురుగా హోటల్ లైట్లు కనపడుతున్నాయి. చేతిలో ఫోన్ టింగుమంది. మీ గది సిద్ధంగా ఉంది అని వచ్చింది. నడిచి వెళ్ళాడు. తలుపు తెరుచుకుంది. స్నానం చేసి పడుకున్నాడు. గురువారం గది కూడా అన్న ముందే బుక్ చేసి పెట్టాడు. అందులో పడుకుంటే అన్న తిరుగుతున్నాడనే అనుకుంటారని తోచింది. పడుకున్నాడు.

సంచీలోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. కానిస్టేబుల్ వచ్చి చెయ్యి పట్టుకుంటే లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"వదినా," అన్నాడు.

ఆవిడ తల తిప్పలేదు.

తమ్ముడు ఆ వెనకే వెళ్ళాడు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాడి ఏడుపు హాల్లోకి వినపడుతోంది. ఇన్‌స్పెక్టర్ పైఅధికారికి ఫోన్ చేసి, క్వారీకి క్రేనూ ఈతగాళ్ళూ కావాలని చెప్పింది. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

పాప లేచింది. ఆకలంటూ ముఖం రుద్దుకుంది. వంటావిడ లోపల్నుంచి రెండు బ్రెడ్డు ముక్కలూ, ఒక ఉడికిన గుడ్డూ ప్లేటులో తెచ్చి పెట్టింది. భార్య గుడ్డు పెంకు వలిచింది. చిన్న ముక్క తుంపి పాప నోట్లో పెట్టింది. చెయ్యి వణకలేదు. మంగళవారం వణికిన చెయ్యే.

ఇన్‌స్పెక్టర్ ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"నిన్న రాత్రి హోటల్ వాళ్ళ మెయిల్ మీ ఇంటికి కూడా వచ్చి ఉంటుంది కదమ్మా."

"పాప టాబ్‌లోకి వస్తాయి. ఆయనే పెట్టాడు," అంది ఆవిడ. "రేపు పొద్దున్న మీ బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ అని వచ్చింది."

"అప్పుడే తెలిసిందా?"

"మంగళవారమే తెలిసింది. పాపకి ఫోన్ చేయలేదంటేనే తెలిసింది. మీరు హోటల్లో ఉన్నాడన్నారు. సరే, ఉన్నాడులే అనుకున్నా. రాత్రి అది రాగానే ఇంక అలా అనుకోడానికి కూడా లేకపోయింది."

"మరి చెప్పలేదేం?"

పాప నోరు తెరిచింది. ఆవిడ ఇంకో ముక్క పెట్టి, పెదవి పక్కన అంటుకున్నది వేలితో తుడిచింది.

"తిన్నాడా అని మీరు అడుగుతారేమోనని భయపడుతూ కూర్చున్నానమ్మా. అడిగితే చెప్పాలి కదా. అడగనంతసేపూ ఏదో ఒక గదిలో పడుకునే ఉన్నాడు."

పాప గుడ్డు తింటోంది. హోటల్లో తినడం దానికి ఇదే మొదటిసారి.