ఎర్రసముద్రం నుంచి వచ్చినవాడు

బెల్లం పాకం ముదిరే వేళకే ఇంట్లో గొడవ మొదలైంది. కోవిల్‌పట్టిలో సుబ్బులక్ష్మి ఇంటి వెనక రేకుల షెడ్డులో వేరుశనగ గింజలతో కడలమిఠాయి చేస్తారు. ఆమె పాకం చుక్కను నీళ్ళలో వేసి చూస్తుండగా లోపలి నుంచి కొడుకు బాలచందర్ గొంతు వినపడింది.

"ఆర్తీ, బీరువాలో నా సీడీసీ పుస్తకం ఉండె. ఏడ పెడితివి?"

"నేను తాకనే లేదు" అంది కోడలు.

సుబ్బులక్ష్మి చేతిలో గరిటె ఆగిపోయింది. ఓడల్లో పనిచేసేవాడు ఆ పుస్తకం లేనిదే ఓడెక్కలేడు. ఎప్పుడు ఏ ఓడలో ఎన్నాళ్ళు పనిచేశాడో ముద్రలతో సహా అందులోనే ఉంటుంది. పది రోజుల కిందట దాన్ని చీర మడతలో పెట్టి విరుదునగర్ తీసుకెళ్ళి, చెల్లెలు తంగమ్మాళ్ ఇంట్లో దాచి వచ్చింది ఆమే.

ఆరు నెలల కిందట ఎర్రసముద్రంలో బాలచందర్ పనిచేసే సరుకు ఓడను డ్రోన్ వచ్చి కొట్టింది. యుద్ధం వేరెవరిదో. ఆ సముద్రం ఎవరి చేతిలో ఉండాలన్నది పెద్ద దేశాల పోటీ. కాలిపోయింది మాత్రం వీడు పనిచేసే ఇంజన్ రూము. ఏదో దేశపు యుద్ధనౌక వచ్చి నీళ్ళలో తేలుతున్నవాళ్ళను ఎక్కించుకుంది. "నా కొడుక్కి బయమే తెలీదు" అని సుబ్బులక్ష్మి వీధంతా చెప్పుకుంది. రాత్రిళ్ళు మాత్రం ఆమెకు కంటి మీద కునుకు లేదు. వాడికీ కాలు ఒకచోట నిలవదు. ఫోన్ మోగితే వాకిట్లోకి పోయి గొంతు తగ్గించి మాట్లాడతాడు. మళ్ళీ ఓడెక్కే ఏర్పాట్లేనని ఆమె తీర్మానించుకుంది.

బీరువాలో బట్టలన్నీ నేల మీద పడ్డాయి. "నువ్వే దాచితివి!" అంటూ వాడు కేకలు వేస్తున్నాడు. ఆర్తి ఏడుస్తోంది.

సుబ్బులక్ష్మి పాకం దించేసి లోపలికి వచ్చింది. "దాన్ని ఏమీ అనొద్దురా. ఎత్తింది నేను."

"నువ్వా? ఎందుకమ్మా?"

"మల్లా ఆ సముద్రానికి పోతావని! ఆ దేశమోళ్ళు, ఈ దేశమోళ్ళు కొట్టుకుంటే నా బిడ్డ ఎందుకు చావాల? ఇయ్యను పో!"

బాలచందర్ ఆ బట్టల మధ్యే కూలబడ్డాడు. "సముద్రానికి ఎవురు పోతాండారు? తూత్తుకుడిలో ఓడలు కట్టే యార్డుకు మనుషులు కావాలంట. ఇప్పుడు అన్ని దేశాలకూ కొత్త ఓడలు కావాల. ఇంజన్ తెలిసినోళ్ళకు నేల మీదే పని. రేపు పొద్దున ఇంటర్వ్యూ. ఆ పుస్తకం చూపిస్తేనే లోపలికి విడుస్తారు."

"ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పలేదేమిరా?"

వాడు కిందపడ్డ చొక్కా ఒకటి తీసి మడవసాగాడు.

"ఏమని చెప్పేది? వీధంతా నువ్వు నన్ను వీరుడంటివి. నాకు బయం అమ్మా. నీళ్ళంటేనే వణుకు. నాతో పనిచేసే ఇసక్కిముత్తు నీళ్ళలో నా చెయ్యి పట్టుకొని ఉండె. పట్టలేక విడిచేస్తిని."

తను గర్వంగా చెప్పుకున్న ప్రతి మాటా వాడి నోరు నొక్కుతూ వచ్చిందని సుబ్బులక్ష్మికి అప్పుడు తెలిసింది. పక్కన కూర్చుని కొడుకు తలను గుండెకు అదుముకుంది. కాసేపటికి వాడే ఆర్తి వైపు తిరిగి, "తప్పయిపోయె" అన్నాడు.

పది గంటల బస్సుకు తల్లీకొడుకులు విరుదునగర్ బయలుదేరారు. చెల్లెలు పుస్తకాన్ని ఎక్కడైనా మార్చి పెట్టిందేమోనని దారి పొడవునా ఆమె మనసు కుదురుగా లేదు. తంగమ్మాళ్ బియ్యం డబ్బాలోంచి దాన్ని తీసిచ్చాకే ఊపిరి పీల్చుకుంది.

"ఏమి అబ్బాయా, మల్లా సముద్రానికేనా?" తంగమ్మాళ్ నవ్వింది. "నీకు బయమే తెలీదని మీ అమ్మ చెప్పె!"

గడప దగ్గర పక్కింటివాళ్ళిద్దరు నిలబడి వింటున్నారు. బాలచందర్ తల వంచుకున్నాడు.

"అది నేను చుమ్మా గొప్పకు చెప్పిన మాట తంగం" అంది సుబ్బులక్ష్మి. "నాకు బయం. వాణ్ణి ఇంక నీళ్ళ మీదికి పంపను."

బాలచందర్ మెల్లగా తలెత్తాడు.

"నాకూ బయమే చిన్నమ్మా" అన్నాడు అందరూ వినేటట్టు. అంటుండగానే కళ్ళు నిండిపోయాయి.

తంగమ్మాళ్ నవ్వు ఆగిపోయింది. వచ్చి వాడి వీపు మీద చెయ్యి వేసింది. "కూసో నాయనా" అంది. "అన్నం తిని పోదువు."