ఏడుసార్లు తప్పించుకున్న నల్లకొంగ

లండన్ నుంచి వచ్చిన వైర్‌లెస్ సందేశం పొట్టిగా ఉంది. నల్లకొంగ ఎనిమిదోసారి వేటకు బయలుదేరుతోంది. దాని గురి సైనికులతో నిండిన ఓడల బారు, కాన్వాయ్. నల్లకొంగ తిరిగి రాకూడదు. మీలో ఒకరు ద్రోహి.

జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్సులో, లోరియాఁ రేవులో పళ్ళ డాక్టరుగా చెలామణీ అవుతున్న బ్రిటిష్ ఏజెంట్ తాంగీ, హెడ్‌ఫోన్ తీసి డ్రిల్లు పెట్టె అడుగున దాచాడు.

నల్లకొంగ జర్మన్ జలాంతర్గామి. జర్మనీలోని కీల్ రేవులో తయారై, మొదటి వేటలోనే మూడు ఓడల్ని మింగింది. అది బయలుదేరే వేళ ప్రతిసారీ తాంగీ ముఠా లండన్‌కు చెబుతూనే ఉంది. బ్రిటిష్ విమానాలు వెళ్ళేసరికి సముద్రం ఖాళీ. నాలుగో ప్రయాణంలో మాత్రం బాంబు దెబ్బ తిని, ఒరిగిపోతూ రేవు చేరింది.

ముఠాలో అతను కాక ఇద్దరే. క్రేన్ నడిపే కెర్వాన్, ఎవరితోనూ కలవని గొణుగుడు మనిషి. జర్మన్ ఆఫీసర్ల క్లబ్బులో పాడే ఒడిల్, నవ్వితే అడ్మిరల్ కూడా గ్లాసు కింద పెట్టేస్తాడు. ద్రోహి కెర్వానే కావాలని తాంగీ మనసు కోరుకుంది. కానీ నాలుగో ప్రయాణం నాడు కెర్వాన్ రేవులోనే ఉన్నాడు. ఊళ్ళో లేనిది ఒడిలే, న్యుమోనియాతో పారిస్ ఆసుపత్రిలో ఉంది.

రేవు ఎదుట ఉన్న గ్రువా దీవికి పడమర దారి నల్లకొంగకు అలవాటు. తాంగీ తూర్పు దారిలో నీటి మందుపాతరలు వేయమని లండన్‌ను కోరాడు. పడమర దారిలో వేశారని ఒడిల్‌కు మాత్రమే చెప్పాడు. ఆమె నిజాయితీపరురాలైతే నల్లకొంగ పడమరకే పోతుంది. అప్పుడు కాన్వాయ్ గతి ఇక దేవుడికే ఎరుక.

నల్లకొంగ బయలుదేరే మధ్యాహ్నం, రేవు పక్కనున్న లార్మోర్ ఒడ్డున కాఫీ హోటల్లో తాంగీ, ఒడిల్ ఎదురెదురుగా కూర్చున్నారు. జలాంతర్గామి రేవు దాటి వచ్చింది. దాని ముక్కు మెల్లగా తూర్పుకు తిరిగింది.

బల్ల కింద చల్లనిదేదో అతని మోకాలికి తగిలింది. పిస్తోలు.

"చూపు తిప్పుకోలేకపోతున్నారే, డాక్టరుగారూ," అంది ఒడిల్ నెమ్మదిగా. "వీధి చివర కారుంది. గొడవ చెయ్యకుండా లేవండి."

అతను కుర్చీ వెనక్కి జరిపాడు. అంతలో కిటికీ అద్దాలు గలగలమన్నాయి. సముద్రం మీద నల్లటి పొగ లేచింది. ఒడిల్ ముఖం పాలిపోయింది.

"నన్ను పట్టిస్తే పట్టించు," అన్నాడు తాంగీ. "కానీ తూర్పు దారి మంచిదని చెప్పిందెవరని వాళ్ళు ముందు నిన్నే అడుగుతారు."

ఆమె వీధి చివరి కారు వైపు చూసింది. తర్వాత పిస్తోలు సంచిలోకి జారింది.

"నన్నూ సరిహద్దు దాటించు. నీకు దారులు తెలుసు."

"తెలుసు," అన్నాడు తాంగీ, టోపీ పెట్టుకుంటూ. "కానీ నాది సైకిలు. వెనక కూర్చునేవాళ్ళని నేను నమ్మను."