బేసిజోడు ఎవరిది?

వచ్చినావిడ అడుగుల్లో ఒకటి బరువుగా, ఒకటి తేలికగా వినిపించింది. ప్రైవేటు డిటెక్టివ్ ఒక్కసారి తలెత్తి చూసింది. మాట తక్కువ, చూపు ఎక్కువ కాబట్టి అందరూ ఆమెను సూది అంటారు.

"చెప్పులు కుడతారు. కుడిపాదం చిన్నది. నిన్నటి నుంచి అన్నం తినలేదు. కూర్చోండమ్మా."

సహాయకుడు కళ్లు విప్పార్చాడు. ఎన్ని కేసులు చూసినా అతనికిది పాతబడదు.

"కూర్చోను," అందావిడ. గుమ్మంలోనే నిలబడింది. "సాయంత్రానికి ఆన్‌లైన్‌లో నా కొట్టు మూసేస్తారట. నా మాట నేనే దొంగిలించానట!"

సంగతి ఇది. రెండు పాదాలూ ఒక కొలతలో లేనివాళ్లకు ఆవిడ చెప్పులు కుట్టి ఆన్‌లైన్ బజారులో అమ్ముతుంది. వాటికి బేసిజోడు అని పేరు పెట్టుకుంది. మొదటి నుంచీ ప్రతి చెప్పు లోపలా ఆ పేరు అచ్చు వేస్తుంది. బజారు పేజీలో మాత్రం మొన్ననే పెట్టింది. అంతకు ముందే ఒక పెద్ద చెప్పుల షోరూం యజమాని ఆ పేరుతో పేజీ తెరిచి, ఈవిడే కాపీ కొట్టిందని ఫిర్యాదు చేశాడు.

"పేజీలో ముందే ఎందుకు పెట్టలేదు?"

"మా మార్కెటింగ్ ఆయన వద్దన్నాడు. జనం ఏ మాట కొట్టి వెతుకుతున్నారో, ఎంతమంది వెతుకుతున్నారో చూపించే సాఫ్ట్‌వేర్ ఉందిగా, అందులో ఈ మాటకి సున్నా అన్నాడు. వదిలేయమన్నాడు. కొనేవాళ్లంతా ఆ పేరే చెప్పి అడుగుతుంటే సున్నా ఎలా అవుతుందండీ?"

"మంచి ప్రశ్న," అంది సూది.

ఆవిడ ఫోనులో షోరూం పేజీ తీసి చూపించింది. పైన పెద్ద అక్షరాలు: 'భేసిజోడు. మా షోరూం సొంతం.' సూది ఆ అక్షరాలను చాలాసేపు చూసింది.

"ఎవరి మీదైనా అనుమానమా?"

"అందరూ మా మరిది పేరే చెబుతున్నారు. షోరూం దగ్గర కనిపించాడట. కొట్టయినా మూసుకుంటాను గానీ వాణ్ణి మాత్రం అనుమానించను."

ముగ్గురూ ఆవిడ పనిగదికి వెళ్లారు. తోలు వాసన, జిగురు వాసన. గోడకు చెక్క పాదాలు వేలాడుతున్నాయి. మూలనున్న కంప్యూటరు మీద మార్కెటింగ్ ఆయన అతికించిన చీటీ: 'ఈ భటన్ ముట్టవద్దు.' పార్సిలు పెట్టెల మీద మరిది చేతిరాత: 'బరువు తక్కువే. భద్రంగా దించండి.'

"షోరూంకి ఎందుకెళ్లావు నాయనా?" అంది సూది, పెట్టెలు కడుతున్న మరిదితో.

"పోట్లాడదామని వెళ్లానండీ. గేటు దగ్గరే గార్డు మెడ పట్టి గెంటాడు. ఆ పరువు తక్కువ సంగతి వదినకేం చెప్పను?"

"చెప్పి ఉంటే నేనూ వచ్చేదాన్ని కదరా," అంది వదిన.

సూది చూపు తన వైపు తిరగ్గానే, కంప్యూటరు ముందున్న మార్కెటింగ్ ఆయన నవ్వాడు. "పనికిరాదని నేనే వద్దన్న మాట, మేడమ్. దాన్ని నేనెందుకు అమ్ముకుంటాను?"

సూది ఫోను తీసింది. షోరూం యజమానిని, ఆన్‌లైన్ బజారు అధికారిణిని పనిగదికే పిలిపించింది. సాయంత్రం లోపే అందరూ చేరారు.

"ఈ పేరు మీకెలా దొరికింది?" అని యజమానిని అడిగింది.

"మా సాఫ్ట్‌వేర్ చూపించింది. ఎవరైనా చూసుకోవచ్చు."

"చూద్దాం. అబ్బాయీ, ఆ మాట కొట్టు."

మరిది కొట్టాడు. తెర మీద గీత మెట్లెక్కినట్టు పైకి పోయింది. నెలనెలా వెతికేవాళ్లు పెరుగుతున్నారు.

"చెప్పానా?" అన్నాడు యజమాని.

"ఇప్పుడు మీరు," అంది సూది మార్కెటింగ్ ఆయనతో. ఆయన చకచకా కొట్టాడు. సున్నా. మళ్లీ కొట్టమంది. మళ్లీ సున్నా. ఆయన తెరకేసి వెర్రిచూపు చూశాడు. తప్పెక్కడుందో ఆయనకు కనిపించలేదు.

"ఒత్తు," అంది సూది. "మీరు బ రాయాల్సిన చోటల్లా ఒత్తు పెడతారు. బటన్‌కి కూడా పెట్టారు. అందుకే మీకు సున్నా వచ్చింది. కానీ వచ్చే ఆర్డర్లు కళ్లారా చూస్తున్నారు. సాఫ్ట్‌వేర్‌కి అందని మాట, పోటీ లేని మాట దొరికిందనుకున్నారు. ఈవిణ్ణి వదిలేయమని చెప్పి షోరూంకి చేరవేశారు." యజమాని వైపు తిరిగింది. "సాఫ్ట్‌వేర్ చూపించి ఉంటే జనం రాసినట్టే చూపించేది. ఆ ఒత్తుతో ఈ లోకంలో ఒక్కరూ వెతకలేదు. మరి మీ పేజీకి అదెక్కడ నుంచి వచ్చిందండీ?"

"మేనేజరు కుర్చీ ఇస్తానన్నారు..." అని గొణిగాడు మార్కెటింగ్ ఆయన.

"నోర్ముయ్!" అన్నాడు యజమాని. అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

సహాయకుడు చప్పట్లు కొట్టబోయి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అధికారిణి అక్కడికక్కడే ఫిర్యాదు కొట్టేసింది.

"అయితే ఏం?" యజమాని లేచాడు. "పేరు పోతే పోయింది. ఇంత చిన్న కొట్టు నా ముందు ఎన్నాళ్లు నిలబడుతుందో నేనూ చూస్తాను."

ఆవిడ తన రెండు చెప్పులూ విప్పి ఆయన ముందు పెట్టింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"ఇవి వేసుకుని తలుపుదాకా నడిచి చూపించండి. నడవగలిగితే మాటా మీదే, కొట్టూ మీదే."

యజమాని వాటిని చూశాడు. తన పాలిష్ బూట్లు చూసుకున్నాడు. గబగబా తలుపు దాటాడు.

ఆవిడ చెప్పులు తొడుక్కుని పనిబల్ల దగ్గరికి నడిచింది. ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. తడబాటు లేదు.

"వదినా, పేజీ మీద పేరు ఎంత పెద్దగా పెట్టను?"

"తెర పట్టినంత. ఒరేయ్, ఒత్తు పెట్టావంటే చెవి మెలేస్తా."