ప్రొఫెసర్ అనని మాట

దేవేందర్ ఇంకా బతికే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం కిరీటికి దక్కిన మంచివార్త అదొక్కటే.

బహ్రెయిన్‌లో సీఫ్ ప్రాంతంలోని ఆ హోటల్లో కాన్ఫరెన్స్ హాల్ వెనుక సామాన్ల గది అది. స్పీకర్ బాక్సుల మధ్య గోడకానుకుని కూర్చున్న దేవేందర్ చొక్కా పక్కటెముకల దగ్గర తడిసి నల్లబడింది. కిరీటి తన కోటు విప్పి గాయం మీద అదిమిపట్టాడు. ఇద్దరూ భారత నిఘా విభాగం మనుషులు. మెడలో వేలాడే కార్డుల ప్రకారం మాత్రం సౌండ్ టెక్నీషియన్లు.

"పిస్టల్?" అడిగాడు కిరీటి.

"లేదన్నా. గోలీలు తీసేద్దామని, వాళ్ళు దాన్ని దాసిన స్పీకర్ డబ్బాల చెయ్యి పెట్టిన. డబ్బా ఖాళీ. గంతల ఎన్కకెల్లి పొడిచిండు. మొకం సూడలే. హాల్లకు పోయే తలుపు సప్పుడైతే ఇనవడ్డది."

"నువ్విక్కడికి వస్తున్నట్టు ఎవరికి తెలుసు?"

"మనోళ్ళకే." దేవేందర్ నవ్వబోయి దగ్గాడు. "నువ్వు పో అన్నా. నాకేం గాదు. మా జమున నాతోని కొట్లాడేది ఇంకా శానున్నది."

అంబులెన్స్ పిలవమని గుమ్మం దగ్గరి గార్డుకు చెప్పి కిరీటి హాల్ వైపు నడిచాడు. పరుగెత్తలేదు. పరుగెత్తే టెక్నీషియన్‌ని ఎవరైనా గమనిస్తారు.

లోపల ప్రొఫెసర్ నఫ్తాలీ మాట్లాడుతున్నాడు. జెరూసలేం నుంచి వచ్చిన చరిత్రకారుడు. బక్కపలచని మనిషి. వెనుక తెర మీద ఉపన్యాసం పేరు కనిపిస్తోంది: "జియోనిజం: రాజకీయాల్లో, మతంలో, సాహిత్యంలో." యూదులకు సొంత దేశం కావాలన్న ఆ వాదం మీద ఆయన మాటలు ఏ పక్షంలోని మొండివాళ్ళకూ రుచించవు. ఆయుధాలమ్మే ఒక ముఠా ఆయన్ను చంపడానికి ఎంచుకున్నది అందుకే. ఆయన బహ్రెయిన్‌లో హత్యకు గురైతే ప్రతివాడూ ఎదుటివాడినే అనుమానిస్తాడు. అనుమానం పెరిగినచోట ఆయుధాలు అమ్ముడవుతాయి. ముఠా వ్యాపారం అదే. షూటర్ దొంగ భారతీయ పాస్‌పోర్టుతో దిగాడు. కేసు ఇండియా మెడకు చుట్టుకోవాలి కదా.

భద్రత కోసం హాల్లో జామర్లు పెట్టారు. ఫోన్లు పనిచెయ్యవు. పనిచేసేవి అనువాదం వినిపించే హెడ్‌ఫోన్లు మాత్రమే. ముఠా వాటినే వాడుకుంది. ప్రొఫెసర్ ఇంగ్లీషుకు అరబిక్ అనువాదం చెప్పేది స్పందన. ఉపన్యాసంలో మూడు భాగాలు, ఒక్కో భాగంలో ప్రొఫెసర్ అనని మాట ఒకటి ఆమె కలపాలి. మొదటిదానికి అర్థం 'సిద్ధంగా ఉండు'. రెండోదానికి 'ఆయుధం పట్టుకో'. మూడోదానికి 'కాల్చు'.

స్పందనను కొనేశామని ముఠా నమ్మకం. నిజానికి ఆమె కిరీటి వాళ్ళ మనిషే. పిస్టల్ ఖాళీ చేసి, షూటర్ దాన్ని పైకి తీసిన క్షణంలో పట్టుకోవాలన్నది పథకం. ఇప్పుడు ఆ పిస్టల్‌లో గుళ్ళు అలాగే ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు తెలియదు.

కిరీటి ఒక హెడ్‌ఫోన్ తీసుకుని ఒక చెవికి పెట్టుకున్నాడు.

"ప్రార్థనలో జెరూసలేం వైపు తిరగడం వేరు, ఓడ ఎక్కడం వేరు అన్నారు మా మతగురువులైన రబ్బీలు కొందరు," అంటున్నాడు ప్రొఫెసర్. "దేవుడు పంపేదాకా ఆగాలన్నారు. ఓడ ఎక్కడమే ప్రార్థన అన్నారు ఇంకొందరు. ఆ తగవు ఇప్పటికీ తేలలేదు."

చెవిలో స్పందన గొంతు అదంతా మృదువైన అరబిక్‌లో చెప్పింది. చెప్పి, చివర్లో నింపాదిగా ఒక మాట కలిపింది: "పడవలు తిరిగొస్తున్నాయి."

రెండో మాట అది. హాల్లో ఎవడో ఇప్పుడు కోటు లోపలికి చెయ్యి పోనిచ్చి ఉంటాడు.

ఉపన్యాసం ఆపితే? చిన్న అలజడి రేగినా వాడు వెంటనే కాల్చేస్తాడు. కిరీటి భుజాన వైరు చుట్ట వేసుకుని వెనుకనున్న అనువాదకుల బూత్‌లోకి దూరాడు. స్పందనతో వంతులు వేసుకునే రెండో అనువాదకుడు కాఫీకి వెళ్ళాడు. ఆమె ఒక్కతే ఉంది. ఎర్రటి లిప్‌స్టిక్, చెవులకు ముత్యాలు, చూపంతా ప్రొఫెసర్ పెదాల మీద.

ఆమె ముందు ఒక మీట ఉంది. దగ్గొస్తే నొక్కుతారు. నొక్కినంతసేపు మైక్ మూగబోతుంది. ఆమె దాన్ని నొక్కింది.

"ఏంటి కిరీటి గారూ, వైర్లు మోసే డ్యూటీ పడిందా?"

"పిస్టల్ లోడై ఉంది."

ఆమె మీట వదిలి రెండు వాక్యాలు అరబిక్‌లో చెప్పింది. గొంతు వణకలేదు. మళ్ళీ నొక్కింది.

"గుళ్ళు తీసేశారని నాకు పొద్దున్నే కబురొచ్చింది."

"ఎవరు చెప్పారు?"

అంతలోనే ప్రొఫెసర్ కాగితం తిప్పాడు. "ఇక సాహిత్యం," అన్నాడు. "కలలో దేశం కట్టుకున్న కథలు చాలా ఉన్నాయి. ఆ నేల మీద అప్పటికే ఉన్న ఇళ్ళు ఏ కథలో కనిపించాయి, ఏ కథలో మాయమయ్యాయి? నేను వెతికింది అదే."

ఆమె అనువదించి, మీట నొక్కింది. "మూడో మాట నేను చెప్పకపోయినా, ఉపన్యాసం ముగిసేలోపు వాడు కాల్చేస్తాడు. వాడికి అలాగే చెప్పి ఉంచారు."

"వాడెవడో కనిపెట్టాలి. వందమంది అరబిక్ వింటున్నారు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "మీరు మధ్య దారిలోకి వెళ్ళండి. వందమంది నా మాట వింటారు. ఒక్కడు వినడు."

కిరీటి వైరు పరుస్తున్నట్టు వంగి ముందుకు నడిచాడు. అతని చెవిలో ఆమె గొంతు వినిపించింది.

"శ్రోతలకు మనవి. చిన్న సాంకేతిక లోపం. చెవులు గింగురుమనే శబ్దం రావచ్చు. దయచేసి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకోండి."

హాలంతా చేతులు లేచాయి. హెడ్‌ఫోన్లు దిగాయి.

మూడో వరుసలో ఒకటి దిగలేదు. బూడిదరంగు సూటు. మూడో మాట కోసం కాచుక్కూర్చున్నవాడికి చెవి ఖాళీగా ఉంచుకునే ధైర్యం ఎక్కడిది?

పక్కవాళ్ళ ఒళ్ళో హెడ్‌ఫోన్లు చూశాక వాడికి అర్థమైంది. చెయ్యి కోటులోంచి బయటికొచ్చింది. కిరీటి రెండు సీట్ల మీదుగా దూకి ఆ మణికట్టును పైకి తన్నాడు. పిస్టల్ పేలింది. ప్రొఫెసర్ తలకు జానెడు ఎత్తున, తెర మీద 'సాహిత్యం' అన్న మాటకు చిల్లు పడింది.

వాణ్ణి నేలకేసి అదిమాక ప్రొఫెసర్ వెనక్కి తిరిగి ఆ చిల్లును చూశాడు.

"నా పుస్తకాలకు ఇంతకన్నా ఘాటైన సమీక్షలు వచ్చాయి," అన్నాడు.

పక్కగదిలో బహ్రెయిన్ పోలీసు అధికారి కెప్టెన్ రాషిద్ స్పందనను ఎదురుగా కూర్చోబెట్టి ఆమె చెప్పేది వింటున్నాడు. కిరీటి తలుపు దగ్గర నిలబడ్డాడు. అంతలో పార్కింగ్‌లోని కంట్రోల్ వ్యాన్ నుంచి ఆపరేషన్ చీఫ్ మల్లికార్జున్ వచ్చాడు. నలగని తెల్లచొక్కా, చల్లటి చిరునవ్వు.

"బాగా చేశావోయ్ కిరీటీ. పాపం, దేవేందర్ పోయాడటగా?"

"లేదు సార్. సల్మానియా ఆసుపత్రిలో చేర్చారు. బతుకుతాడట."

చిరునవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం ఒకసారి తలుపు వైపు వెళ్ళొచ్చాయి.

"సంతోషం. మరి ఈ పిల్లకు ఇంకా బేడీలు వెయ్యలేదేం? రెండు కోడ్‌లూ చదివింది తనేగా. మనల్ని అమ్మేసింది."

కెప్టెన్ అరబిక్‌లో నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు మల్లికార్జున్.

"తుపాకీ ఖాళీ చేశామని పొద్దున నాకు అబద్ధం చెప్పిందెవరని అడుగుతున్నారు సార్."

కిరీటి చేత్తో తలుపు మూసి, దానికి వీపు ఆనించాడు.

"నువ్వేం చెప్పబోతున్నావమ్మా?" మల్లికార్జున్ గొంతు తగ్గింది.

ఆమె కెప్టెన్ వైపు తిరిగింది. "మల్లికార్జున్," అంది స్పష్టంగా.

తర్వాత చీఫ్ వైపు చూసింది. "పేర్లకు అనువాదం ఉండదు సార్."